అండమాన్ దీవులు – వాటిని కలిపిన రోడ్డు

(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను రోడ్లు భవనాల శాఖలో పనిచేసి పదవీ విరమణ చేసినవాణ్ణని మీకు తెలిసిందే. కార్యదర్శిగారు మా ఇంటికి వచ్చి, "ఏ విషయం మీదైనా అరగంట మాట్లాడండి, పెన్షను గురించీ డి.ఎ. బకాయిల గురించీ మాత్రం వద్దు, అవి మనకు ఎప్పుడూ ఉన్నవే" అన్నారు. ఆ రెండూ తీసేస్తే మన దగ్గర మిగిలేది ఏముందా అని రెండు రోజులు ఆలోచించాను. చివరకు నాకు తెలిసినది రోడ్డు ఒక్కటే కనుక ఒక రోడ్డు గురించే చెబుదామని నిశ్చయించుకున్నాను. అయితే అది మన రోడ్డు కాదు. సముద్రం మధ్యలో ఉన్న దీవుల్ని ఒకదానితో ఒకటి కలుపుతూ పోయే అండమాన్ ట్రంక్ రోడ్డు.

మనకూ దానికీ సంబంధం ఏమిటని అడగవచ్చు. ఈ హాల్లో కూర్చున్నవారిలో అండమాన్‌లో బంధువు గానీ, ఊరివాడు గానీ లేనివారు చేతులెత్తండి అంటే ఎన్ని చేతులు లేస్తాయో నాకు అనుమానమే. మన తాతల కాలంలో ఇంట్లో గొడవైనా, పంట పోయినా, అప్పు ముదిరినా "రంగం పోయాడు" అనేవారు. రంగం అంటే రంగూన్. అప్పటి గంజాం, విశాఖపట్నం జిల్లాల నుంచి ఓడలెక్కి బర్మాలో రేవు పనులకూ, ధాన్యం మిల్లులకూ వెళ్ళిన కూలీలకు లెక్క లేదు. 1942లో జపాన్ సైన్యాలు బర్మాలో దిగినప్పుడు అడవుల వెంట నడిచి వచ్చినవారిలో మనవారూ ఉన్నారు. ఆ దారి మూసుకుపోయాక, దేశానికి స్వాతంత్ర్యం వచ్చాక, మనవాళ్ళకు అండమాన్ దారి తెరుచుకుంది. 1950లలో ప్రభుత్వం మత్స్యకార కుటుంబాలను తీసుకువెళ్ళి అక్కడ స్థిరపరచింది. వెనకాలే తాపీ పనివారు, వడ్రంగులు, మట్టి పనివారు వెళ్ళారు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఆ దీవుల జనాభా 3 లక్షల 80 వేలు. అందులో తెలుగు మాతృభాషగా చెప్పుకున్నవారు నూటికి 13 మందికి పైనే. అంటే సుమారు యాభై వేలు. వారిలో అత్యధికులు మన ఉత్తరాంధ్ర జిల్లాల వారే. రాజధానిలో జంగ్లీఘాట్ అనే పేట ఉంది. అక్కడి చేపల రేవు దగ్గర నిలబడి కళ్ళు మూసుకుంటే శ్రీకాకుళం తీరంలో ఉన్నామా అనిపిస్తుంది, యాస అంతే.

రాజధాని అన్నాను గదా, ఇన్నాళ్ళూ మనం పోర్టు బ్లెయిర్ అన్న ఊరికి 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురం అని పేరు మార్చారు. పాత అలవాటు కొద్దీ నా నోట పాత పేరు వస్తే క్షమించాలి.

ముందు కాస్త భూగోళం. మనం స్కూల్లో చదివినప్పుడు బంగాళాఖాతం బొమ్మలో కుడివైపు చుక్కలు పెట్టి వదిలేసేవాళ్ళం. ఆ చుక్కలు బర్మాలోని అరకాన్ యోమా కొండలకు కొనసాగింపు. కొండల వరుస సముద్రంలో మునిగిపోగా నీటి పైకి కనబడుతున్న శిఖరాలే ఈ దీవులు. రాళ్ళూ రప్పలతో కలిపి లెక్కపెడితే 836 అంటారు. జనం ఉండేవి ముప్ఫై చిల్లర. మొత్తం విస్తీర్ణం 8,249 చదరపు కిలోమీటర్లు. ఉత్తరాన అండమాన్, దక్షిణాన నికోబార్, మధ్యలో టెన్ డిగ్రీ చానెల్ అనే వెడల్పాటి జలసంధి. మన విశాఖ రేవు నుంచి పోర్టు బ్లెయిర్‌కు సుమారు 1,200 కిలోమీటర్లు. చెన్నై నుంచీ ఇంచుమించు అంతే.

అండమాన్‌లో పెద్దవి మూడు దీవులు: ఉత్తర, మధ్య, దక్షిణ అండమాన్. మధ్య, దక్షిణ అండమాన్‌ల నడుమ బారాటాంగ్ అనే చిన్న దీవి ఇరుక్కుని ఉంటుంది. వీటి మధ్య ఉన్నవి సముద్రాలు కావు, ఇరుకైన పాయలు. ఒడ్డు వెంట మడ అడవులు, నీటిలో మొసళ్ళు. ఉత్తరాన దిగ్లీపూర్ దగ్గర సాడిల్ పీక్ అనే శిఖరం ఉంది, ఎత్తు 732 మీటర్లు. అరకు ఘాటీ ఎక్కి దిగినవాళ్ళకు అదేం పెద్ద కొండ కాదు. కాని అక్కడ వర్షం ఏడాదికి సుమారు 3,000 మిల్లీమీటర్లు. మనకు పడే దానికి దాదాపు మూడింతలు. నైరుతీ కురుస్తుంది, ఈశాన్యమూ కురుస్తుంది. బంకమట్టి వాలు మీద ఇన్ని నెలల వాన పడితే రోడ్డు గతి ఏమవుతుందో ఈ సభలో ఉన్న మా శాఖ మిత్రులకు నేను చెప్పనక్కరలేదు. సిమెంటు, తారు, ఇనుము అన్నీ ఓడలో దిగాలి. ఓడ ఆలస్యమైతే పని ఆగుతుంది.

బారాటాంగ్‌లో సున్నపురాతి గుహలు ఉన్నాయి, బురద ఉబికే చిన్న గుంటలు కూడా ఉన్నాయి. గుహలను చూసి మా ఆవిడ, "మన బొర్రా ముందు ఇదేపాటి!" అంది. ఆ మాట నిజమే. కాని తూర్పున బ్యారెన్ అనే దీవి మీద మన దేశం మొత్తానికి ఒకే ఒక సజీవ అగ్నిపర్వతం ఉంది. చాలా కాలం నిద్రపోయి 1991లో మళ్ళీ రేగింది. అటువంటిది మన దగ్గర లేదు, లేకపోవడమే మంచిది.

చరిత్రలో మనకు తెలిసిన భాగం కాలాపానీ. 1789లో ఆర్చిబాల్డ్ బ్లెయిర్ అనే కంపెనీ నౌకాధికారి ఒక వలసను నెలకొల్పాడు. దాన్ని ఉత్తరానికి మార్చారు. రోగాలు తట్టుకోలేక 1796లో ఎత్తివేశారు. ఆ తరువాత అరవై ఏళ్ళు తెల్లవాళ్ళు అటు చూడలేదు. 1857 తిరుగుబాటుతో జైళ్ళు నిండిపోయాక 1858 మార్చి 10న డాక్టర్ వాకర్ అనే అధికారి 200 మంది ఖైదీలతో దిగాడు. అప్పటి నుంచి అది శిక్షా భూమి. 1872లో వైస్రాయి లార్డ్ మేయోను షేర్ అలీ అనే ఖైదీ అక్కడే పొడిచి చంపాడు. సెల్యులార్ జైలు 1896లో మొదలై 1906కు పూర్తయింది. ఏడు రెక్కల కట్టడంలో ఇప్పుడు మిగిలినవి మూడు.

ఆ జైలు గురించి సినిమాల్లో చూశాం, పుస్తకాల్లో చదివాం, దాని మీద ఎక్కువ సేపు నిలవను. ఒక్క సంగతి మాత్రం చెప్పాలి. 1922లో అల్లూరి సీతారామరాజు నాయకత్వాన జరిగిన మన్యం తిరుగుబాటుకు కారణాల్లో ఒకటి రోడ్డు! గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ నర్సీపట్నం నుంచి చింతపల్లి వైపు రోడ్డు పనిలో కొండవారిని దింపి, సరైన కూలి ఇవ్వక పీడించాడు. ముఠాదారీ హక్కులు, పోడు మీద ఆంక్షలు, ఈ రోడ్డు కూలి, అన్నీ కలిసి మంటయ్యాయి. గాం గంటందొర 1924లో కాల్పుల్లో మరణించాడు. ఆయన తమ్ముడు గాం మల్లుదొరకు మరణశిక్ష వేసి, దానిని యావజ్జీవంగా మార్చి అండమాన్ పంపారు. బతికి తిరిగి వచ్చిన ఆ మల్లుదొరే 1952లో తొలి లోక్‌సభకు విశాఖపట్నం నుంచి సభ్యుడిగా ఎన్నికయ్యాడు. కొండల్లో తమ మీదికి వచ్చిన రోడ్డుకు ఎదురు తిరిగినవాళ్ళను పంపిన చోటే తరువాత ఇంకో అడవి జాతి మీదికి ఇంకో రోడ్డు వెళ్ళింది. ఈ మాటను ఇక్కడ గుర్తుంచుకుని నాతో రండి.

1942 మార్చిలో జపాన్ వారు దీవులను ఆక్రమించారు. 1943 డిసెంబరు 30న నేతాజీ అక్కడ జెండా ఎగురవేశారు. అయినా ఆ మూడున్నరేళ్ళూ స్థానికులు పడిన బాధ చిన్నది కాదు. 1945లో ఇంగ్లీషువారు తిరిగి వచ్చి శిక్షా వలసను రద్దు చేశారు. 1949 నుంచి తూర్పు బెంగాల్ శరణార్థులకు అడవి కొట్టి భూములిచ్చారు. 1956 నవంబరు 1న, అంటే మన ఆంధ్రప్రదేశ్ పుట్టిన రోజునే, ఇది కేంద్రపాలిత ప్రాంతమైంది.

ఇప్పుడు రోడ్డు. ఉత్తరాన కొత్తగా వెలసిన ఊళ్ళకు, అంటే రంగత్, మాయాబందర్, దిగ్లీపూర్‌లకు, మొదట్లో పడవే గతి. ధాన్యం రావాలన్నా, కర్ర రావాలన్నా, రోగిని తేవాలన్నా సముద్రం దయ. అందుకని 1970ల ఆరంభంలో దక్షిణం నుంచి ఉత్తరం వరకు ట్రంక్ రోడ్డు పని మొదలుపెట్టారు. చేసినది ఎ.పి.డబ్ల్యు.డి. ఆ బోర్డు చూసి మన శాఖే ఇక్కడికీ వచ్చిందా అని నేను ఛాతీ ఉబ్బించాను. తీరా ఎ అంటే అక్కడ అండమాన్. అయితే పలుగూ పారా పట్టిన చేతుల్లో చాలా వరకు ఆంధ్రవే, ఆ గౌరవం మాత్రం మనకు దక్కుతుంది.

రోడ్డు వెళ్ళిన అడవి ఖాళీది కాదు. అది జారవాలది. వేల ఏళ్ళుగా వేటతో, తేనెతో, చేపతో బతుకుతున్న జాతి. 1957లోనే ఆ ప్రాంతాన్ని వారి రిజర్వుగా ప్రకటించారు. ప్రకటించిన ప్రభుత్వమే అందులోంచి రోడ్డు వేసింది. జారవాలు బాణాలతో ఎదుర్కొన్నారు. పనివాళ్ళకు బుష్ పోలీసు కాపలా పెట్టారు. రెండు వైపులా ప్రాణాలు పోయాయి. 1976లో పని ఆపారు, మళ్ళీ మొదలుపెట్టారు. 1980ల చివరికి గానీ రోడ్డు పూర్తి కాలేదు.

మా మేనకోడలిని రంగత్‌లో ఇచ్చాం. ఆమె మామగారు అప్పటి శ్రీకాకుళం జిల్లా పాలకొండ వైపు నుంచి కూలికి వెళ్ళి ఆ రోడ్డు మీదే మూడేళ్ళు పనిచేశారు. నేను వెళ్ళినప్పుడు సాయంత్రాలు అరుగు మీద కూర్చుని ఆయన్ను అదే అడిగేవాణ్ణి. ఆయన చెప్పినదాంట్లో వీరగాథలేమీ లేవు. "బావగారూ, పగలు రాయి కొట్టాలి, రాత్రి నిద్ర పట్టదు. ఆకు కదిలితే బాణం అనుకునేవాళ్ళం. వాళ్ళూ మనల్ని చూసి అంతే భయపడి ఉంటారు. మనం వాళ్ళ పెరట్లో తవ్వుతున్నాం గదా!" అన్నారు. రోజు కూలి ఎంతో ఆయనకు ఇంకా గుర్తే. చూసిన చావులు మాత్రం వేళ్ళ మీద లెక్కపెట్టి, మధ్యలో ఆపేసి, మాట మార్చారు.

రోడ్డు పొడవు మూడువందల కిలోమీటర్ల పైచిలుకు. ఒకప్పుడు 223వ నంబరు జాతీయ రహదారి, ఇప్పుడు 4వ నంబరు. పోర్టు బ్లెయిర్ నుంచి బయలుదేరితే జిర్కాటాంగ్ దగ్గర గేటు. అక్కడ బళ్ళన్నీ ఆగుతాయి. రోజుకు కొన్ని నిర్ణీత వేళల్లోనే, పోలీసు కాపలాతో, బారుగా వదులుతారు. సుమారు 49 కిలోమీటర్లు రిజర్వు అడవి. దిగకూడదు, ఆగకూడదు, ఫొటో తీయకూడదు, ఏమీ ఇవ్వకూడదు. ఆ తరువాత మిడిల్ స్ట్రెయిట్ అనే పాయ. బస్సు, లారీ, మనం అందరం కలిసి బల్లకట్టు లాంటి ఫెర్రీ ఎక్కి బారాటాంగ్‌లో దిగుతాం. బారాటాంగ్ దాటాక హంఫ్రీ జలసంధి. ఇక్కడా ఒకప్పుడు ఫెర్రీయే. దాని మీద సుమారు కిలోమీటరున్నర పొడవైన వంతెన కట్టి 2021లో ఆజాద్ హింద్ ఫౌజ్ సేతు అని పేరు పెట్టి ప్రారంభించారు. మధ్య, ఉత్తర అండమాన్‌ల నడుమ ఆస్టిన్ పాయ మీద చెంగప్ప వంతెన అంతకు ముందు నుంచే ఉంది. 2004 డిసెంబరు 26 భూకంపానికి దాని పైకట్టు స్తంభాల మీద పక్కకు జరిగింది, బాగుచేయవలసి వచ్చింది. ఆ భూకంపం, వెంటనే వచ్చిన సునామీ కలిసి ఆ దీవుల్లో మూడున్నర వేల మందిని పొట్టన పెట్టుకున్నాయి. అందులో ఎక్కువమంది నికోబార్‌లో. దక్షిణాన నేల కుంగింది, ఇందిరా పాయింట్ దగ్గర నాలుగు మీటర్లకు పైగా. ఉత్తరాన నేల పైకి లేచి పగడపు దిబ్బలు బయటపడ్డాయి. తక్కెడ ఒకవైపు దిగి ఒకవైపు లేచినట్టు దీవుల వరుస మొత్తం వాలిపోయింది. అటువంటి నేల మీద వంతెన కట్టడమంటే మాటలు కాదు.

ప్రపంచంలో ఇలాంటి రోడ్డు ఇంకోటి ఉంది, అమెరికాలో ఫ్లోరిడా కొసన కీస్ అనే చిన్న దీవుల వరుస మీద. మొదట అక్కడ ఫ్లాగ్లర్ అనే ధనవంతుడు సముద్రం మీదుగా రైలు వేయించాడు, 1912లో కీ వెస్ట్ దాకా చేరింది. 1935 సెప్టెంబరులో వచ్చిన తుఫాను ఆ రైలుమార్గాన్ని తుడిచిపెట్టింది. రోడ్డు పనికి వచ్చిన మాజీ సైనికులు వందలమంది అందులో కొట్టుకుపోయారు. రైల్వేవారు వదిలేసిన వంతెనల మీదే ప్రభుత్వం రోడ్డు వేసి 1938లో తెరిచింది. 181 కిలోమీటర్లు, 42 వంతెనలు, అందులో ఒకటి ఏడు మైళ్ళది. ఇంజనీరింగ్ లెక్కన మనది దాని ముందు చిన్నదే. కాని అక్కడ ఇబ్బంది అంతా సముద్రంతోటీ తుఫానుతోటీ. అండమాన్ రోడ్డుకు ఇబ్బంది మనిషితో.

1996లో కాలు విరిగిన ఒక జారవా కుర్రవాణ్ణి తెచ్చి ఆసుపత్రిలో వైద్యం చేసి పంపారు. 1997 చివరి నుంచి జారవాలు తామే రోడ్డు మీదికి రావడం మొదలుపెట్టారు. వెంటనే మొదలైంది తిండి విసరడం, బట్టలివ్వడం, ఫొటోలు తీయడం. 1999లో వారిలో తట్టు వ్యాపించింది. బయటి రోగాలకు అలవాటు లేని శరీరాలు. ఇలాగే 1858లో వేల సంఖ్యలో ఉన్న గ్రేట్ అండమానీ జాతి రోగాలతో కరిగిపోయి 1961 లెక్కల నాటికి 19 మంది మిగిలారు. ఆ అంకె చదివి నేను పుస్తకం మూసేశాను. జారవాలు 2011 లెక్కల్లో 380 మంది. మన ఊళ్ళో ఒక వీధి జనం.

2002 మే 7న సుప్రీంకోర్టు ఈ రోడ్డును రిజర్వు ప్రాంతంలో మూసివేయాలని ఆదేశించింది. రోడ్డు మూతపడలేదు. 2012లో జారవా ఆడవాళ్ళచేత తిండి ఆశ చూపి నాట్యం చేయించిన వీడియో బయటపడి దేశమంతా సిగ్గుపడింది. తరువాత ఆంక్షలు బిగించారు. పర్యాటకులకు బారాటాంగ్ దాకా సముద్రం మీదుగా వేరే దారి కూడా చూపారు.

ఇది విన్నవాళ్ళు, మూసేస్తే పోలేదా అంటారు. నేనూ ఇక్కడ కూర్చుని ఉంటే అదే అనేవాణ్ణి. కాని నేను రంగత్‌లో ఉన్న రోజుల్లో మా మేనకోడలి తోడికోడలికి నెలలు నిండకుండా నొప్పులు వచ్చాయి. పెద్దాసుపత్రి పోర్టు బ్లెయిర్‌లో ఉంది. సాయంత్రం దాటిపోయింది, ఇక గేటు తెరిచే వేళ కాదు. ఆ రాత్రి ఇంటివాళ్ళు ఫోన్లు చేసి, అధికారులను పట్టుకుని, అంబులెన్సు దాటించుకునేసరికి తెల్లవారుతోంది. తల్లీ బిడ్డా దక్కారు. మా మేనకోడలు నాతో, "మావయ్యా, నువ్వు ఊరెళ్ళి జారవాల గురించి చెబుతావు. చెప్పు. ఈ రాత్రి గురించి కూడా చెప్పు" అంది. అందుకే చెబుతున్నాను. ఉత్తర, మధ్య అండమాన్ జిల్లాలో ఉన్నది లక్ష మంది పైచిలుకు. వాళ్ళు అక్కడికి ఆక్రమణకు వెళ్ళినవారు కారు. సర్కారు తీసుకువెళ్తే వెళ్ళినవారు, పొట్ట చేతపట్టుకుని వెళ్ళినవారు.

నా అభిప్రాయం అడిగితే, రోడ్డు వేయడమే ఉద్యోగంగా బతికినవాడిని అయినా చెబుతున్నాను. ఆ 49 కిలోమీటర్లను వెడల్పు చేసి, వేగం పెంచి, పర్యాటకుల బస్సుల్ని ఇంకా పంపడం సరికాదు. విహారానికి వచ్చినవాడు పడవలో వెళ్ళాలి. రోగి, రేషను బియ్యం, పరీక్షకు వెళ్ళే పిల్లవాడు, వీరికి మాత్రం రోడ్డు ఉండాలి, రాత్రి అయినా సరే. రంగత్‌లోనూ మాయాబందర్‌లోనూ ఆసుపత్రులు నిజంగా పనిచేసేలా చేస్తే ఆ అంబులెన్సుల అవసరమే సగం తగ్గుతుంది. ఫెర్రీలు, హెలికాప్టర్లు, వేగంగా నడిచే పడవలు ఎక్కువ చేస్తే మిగతాది తగ్గుతుంది. వంతెనకు పెట్టే ఖర్చుతో పోలిస్తే ఇవి పెద్ద ఖర్చు కావు. మా అల్లుడు దీనికి ఒప్పుకోలేదు. "రోడ్డు అంటే అందరిదీ మావయ్యగారూ" అన్నాడు. ఇద్దరం రెండు రాత్రులు వాదించుకున్నాం, ఎవరి మాట వారిదే.

మనం అరకు కొండ పాదాన ఉన్నవాళ్ళం. 1960లలో ఇనుప ఖనిజం కోసం కొత్తవలస–కిరండూల్ రైలు మన ఊరి మీదుగా కొండెక్కింది. ఘాట్ రోడ్డు వెడల్పయింది. వాటి వెంట బడి వెళ్ళింది, డాక్టరు వెళ్ళాడు, వడ్డీ వ్యాపారి కూడా వెళ్ళాడు. కొండవారి భూమి ఇతరులకు పోకుండా 1959లో నిబంధన చేసి, 1970లో దాన్ని బిగించవలసి వచ్చింది. శుక్రవారం సంతకు దిగే కొండవారు తూకంలో ఎంత నష్టపోయేవారో ఇక్కడ రెవెన్యూలో పనిచేసిన మిత్రులకు నాకంటే బాగా తెలుసు. వాళ్ళు వేల సంఖ్యలో ఉన్నారు కనుక నిలబడ్డారు. 380 మందికి ఆ వెసులుబాటు లేదు.

చివరగా, వెళ్ళాలనుకునే మిత్రులకు రెండు ముక్కలు. విశాఖ నుంచి ఓడ తరచుగా ఉండదు. చెన్నై, కోల్‌కతాల నుంచి కాస్త ఎక్కువ. తేదీ ముందుగా కనుక్కోండి, చెప్పిన రోజుకే కదులుతుందని నమ్మి తిరుగు టిక్కెట్టు తీసుకోకండి. రెండున్నర రోజుల ప్రయాణం, వాతావరణం బాగోకపోతే ఇంకా ఎక్కువ. బి.పి., షుగరు మందులు వెళ్ళే రోజులకు రెట్టింపు పట్టుకెళ్ళండి. మోకాళ్ళ నొప్పులున్నవారు పై బెర్తు తీసుకోవద్దు. వర్షాకాలం తప్పించి డిసెంబరు నుంచి మార్చి లోపల వెళ్ళండి. జిర్కాటాంగ్ దాటాక కెమెరా, ఫోను సంచిలో పెట్టేయండి. రోడ్డు పక్కన ఎవరైనా నిలబడి కనిపిస్తే చూపు తిప్పుకుని కూర్చోండి. రంగత్ వెళ్ళేవారు ఎవరైనా ఉంటే నాతో ఒక మాట చెప్పండి, మా మేనకోడలికి ఆవకాయ జాడీ ఒకటి పంపాలి.